దాజీ పేట్‌లో నేసిన తెరచాప

నా పెళ్లయిన మూడో ఏడు మా ఇంటికి ఒక ముసలాయన వచ్చాడు. యుద్ధం ముగిసి పదేళ్లు కావస్తున్న రోజులవి. షోలాపూర్ దాజీ పేట్‌లో ఒక ఇరుకు గల్లీలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో రెండు గుంటమగ్గాలు, వెనక గదిలో పొయ్యి, కిటికీ కింద నేను బీడీలు చుట్టుకునే చాప. ఇంట్లో ఉండేది ముగ్గురమే, మామ, నా భర్త, నేను. అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. ఆమె లేని లోటు మామ మాటల్లో ఎప్పుడూ వినపడలేదు కానీ, ఆమె కండెలు చుట్టిన రాట్నాన్ని నా చేతికిచ్చిన రోజు మాత్రం ఆయన బయటికి వెళ్లి చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

వచ్చిన ముసలాయన కొంకణం వాడు. తెల్లటి గడ్డం, మోకాళ్ల దాకా లాల్చీ. కుడి అరచేయి గుర్రపు డెక్కలా గట్టిపడి నల్లగా ఉంది. నలభై ఏళ్లుగా బొంబాయి రేవులో పడవల తెరచాపలు కుడుతున్నానని చెప్పాడు. పొద్దుటి నుంచీ గల్లీలో ప్రతి మగ్గం దగ్గరా ఆగి, బట్టను బొటనవేలితో నొక్కి చూసి, తల అడ్డంగా ఊపి ముందుకు సాగుతున్నాడట. మా ఇంట్లో అప్పుడు డేరాలకు వాడే దోసూతి నేస్తున్నారు. జంట పోగుల మందపు బట్ట అది. నా భర్త నేస్తున్న బట్టను నొక్కి చూశాక ఆయన ముందుకు పోలేదు. గడప మీదే కూర్చున్నాడు.

ఆయన మాట్లాడింది మరాఠీ. మేం తెలుగు నేతవాళ్లమైనా అది మాకందరికీ వచ్చు. నేను తెలుగులో రాస్తున్నాను.

“భావూ, గాలి దూరని బట్ట నేస్తారా?” అని మామను అడిగాడు.

మామ నవ్వాడు. “హవా పోకుంట బట్టేంది? ఎండకాలం తొడుక్కున్నోడు సచ్చిపోతడు.”

“తొడుక్కునేది మనిషి కాదు. పడవ.”

చంకలోని గొట్టం విప్పి ఒక పెద్ద కాగితం నేల మీద పరిచాడు. నీలం కాగితం మీద తెల్లటి గీతలు. మగ్గం ఆగిపోయింది. నా భర్త గుంటలోంచి లేచి వచ్చి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను తలుపు చాటు నుంచి చూశాను. అంత సన్నగా, అంత పొడవుగా ఉన్నది పడవ అనుకోలేదు నేను. సిద్ధేశ్వర చెరువులో తిరిగే పడవలే నాకు తెలిసినవి. ఇది వాటిలా తొట్టిలా లేదు. రెండు కొసలూ నీళ్లను తాకకుండా ముందుకూ వెనక్కూ సాగిపోయి ఉన్నాయి. కడుపు కింద లోతుగా ఒక రెక్క దిగింది. అందులో సీసం పోస్తారని, ఆ బరువే పడవను బోల్తా పడనివ్వదని ఆయన చెప్పాడు. పైన తెరచాపలు కట్టే రెండు కొయ్యలు. ముందుది ఆకాశమంత. వెనకది చుక్కాని కన్నా వెనక్కి, చిన్నది, ఇంట్లో చిన్న పిల్ల నిలబడినట్టు.

ఈ నమూనా గీసింది పరదేశంలో ఒక దొర. యుద్ధానికి ముందే గీశాడు. దానితో కట్టిన పడవలు పడమటి మహాసముద్రాన్ని పందెం వేసి దాటాయి. రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి. అందులోని మనుషులు వంతులవారీగా నిద్రపోతూ, వంతులవారీగా తెరచాపలు లాగుతూ వెళ్లేవారు. బొంబాయిలో ఒక సేటు ఆ నమూనా కొని, టేకుతో అలాంటిదే కట్టించాడు. దీపావళి తరవాత బొంబాయి నుంచి కొలంబో దాకా పందెం. అన్నీ కుదిరాయి, తెరచాప బట్ట తప్ప. పరదేశపు బట్ట మునుపటిలా రావడం లేదు. మిల్లు బట్ట మెత్తగా ఉండి గాలికి సాగిపోతోంది.

“గీ కొసలు ఇంత పొడుగెందుకు చాచా? నీళ్లల్ల మునుగుత లేవు గదా?” అని అడిగాడు నా భర్త.

ముసలాయన ముఖం వెలిగింది. అంతకుముందు ఎవరూ ఆ ప్రశ్న అడిగినట్టు లేదు. కాగితాన్ని చేతుల్లోకి తీసుకుని పక్కకు వంచాడు. “నిటారుగా ఉన్నప్పుడు మునగవు. గాలికి పడవ ఒరిగిందనుకో, అప్పుడు ఈ కొసలు రెండూ నీళ్లలోకి దిగుతాయి. పడవ పొడవవుతుంది. నీళ్లలో పొడవెంత ఉంటే వేగమంత. కానీ పందెం వాళ్లు కొలిచేది నిటారుగా నిలబెట్టి.”

“అంటె కొలిచేటోల్లను ఉల్లు చేస్తదా?”

“వెనక చిన్న కొయ్య కూడా అందుకే. దాని మీది బట్టను లెక్కలో తక్కువగా చూస్తారు. మోసం కాదు బేటా. గీసినవాడి తెలివి.”

నా భర్త పకపకా నవ్వాడు. పెళ్లయ్యాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. మంచివాడే, ఎప్పుడూ గట్టిగా ఒక మాట అన్నవాడు కాదు. కానీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు పెట్టినట్టే ఉండేవాడు, ఒడ్డున ఎవరో మాట్లాడుతుంటే నీళ్లలోంచి వింటున్నవాడిలా. ఆ కాగితం ముందు ఆయన ఒడ్డుకు వచ్చాడు.

బట్ట నేయడానికి నాలుగు నెలలు పట్టింది. పొడుగు పింజె పత్తి నూలు బొంబాయి నుంచి వచ్చింది. రెండు పోగులు కలిపి పురి పెట్టాలి. వెడల్పు మూరెడే. వెడల్పు తక్కువైతే బట్ట మూలకు సాగదట. ఒక్కో పేక పోగును రెండుసార్లు కొట్టాలి. మామ ఒక మగ్గం మీద, ఆయన ఒక మగ్గం మీద. ఆ దెబ్బలకు మా పొయ్యి మీది గిన్నెలు కూడా కదిలేవి. నేను పొద్దున బీడీలు చుట్టి, మధ్యాహ్నం కార్ఖానాలో అప్పజెప్పి వచ్చి, పొద్దుగూకేదాకా కండెలు చుట్టేదాన్ని.

మొదటి ముక్క చూడటానికి ముసలాయన వచ్చాడు. బట్టను జోలెలా పట్టుకొమ్మని నాకూ నా భర్తకూ చెప్పి, అందులో చెంబెడు నీళ్లు పోశాడు. అందరం కిందికి చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి అడుగున ఒక చుక్క ఊరింది. ఇంకో చుక్క. నా భర్త ఆ ముక్కను మగ్గం మీద నుంచి కోసి నా చేతికిచ్చాడు. “సంచి కుట్టుకో” అన్నాడు. రెండోది కూడా కారింది. మూడో ముక్కలో నీళ్లు పోసి, నేను లేచి వెళ్లి అన్నం వండి వచ్చినా అడుగు పొడిగానే ఉంది. నీళ్లకు పోగులు ఉబ్బి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మామ వేలితో అడుగు తడిమి, ఆ పొడి వేలిని నాకు చూపించాడు. నేను అప్పటికింకా పిల్లదాన్నే. ఆ వేలిని చూసి చప్పట్లు కొట్టాను.

బట్ట వెళ్లింది. దాంతోపాటు నా భర్త కూడా వెళ్లాడు. కుట్టేటప్పుడు ఎక్కడ ఎంత లాగాలో నేసినవాడికే తెలుస్తుందని ముసలాయన అడిగాడు. నెలరోజులన్నారు. నెల కాగానే జాబు వచ్చింది. పందెంలో తెరచాపలు చూసుకునే మనిషిగా పడవ ఎక్కుతున్నానని రాశాడు. కొత్త నూలు తెరచాపను మొదటి రోజే గట్టి గాలిలో విప్పకూడదట, మెల్లగా అలవాటు చేయాలట, తడిగా చుట్టి పెడితే బూజు పడుతుందట. ఇవన్నీ చూసుకునే మనిషి కావాలి. జాబులో పడవ సంగతి రెండు పేజీలు ఉంది. “నువ్వు పైలం” అని చివర ఒక్క ముక్క.

డిసెంబరులో తిరిగి వచ్చాడు. ఎండకు మాడి, పెదవులు పగిలి, అయినా పెళ్లినాటి కన్నా నిండుగా. ఇంట్లోకి వచ్చీ రాగానే మామ అడిగాడు.

“గెలిచిండ్రా?”

“మేమే మొదలు పోయినం నాయినా. మా ముంగట ఒక్కటి లేదు. గని గెలిచింది మాత్రం ఇంకోల్లు.”

“గదెట్ల?”

“పెద్ద పడవ గదా. చిన్న పడవల టైంల కొంత కోస్తరు. మా ఎనక దినమంతా ఆలస్యంగ ఒక చిన్న పడవ వచ్చింది. లెక్కలు చేసి, దాన్నే గెలిచిందన్నరు.”

“ఇదేం పందెం రా!” అన్నాడు మామ. ముగ్గురం నవ్వుకున్నాం. నా భర్తకు ఓడిన బాధ లేదు. వారంపాటు ఇంట్లో అదే కథ. గాలి పక్కనుంచి వచ్చినప్పుడు ఆ వెనక చిన్న కొయ్యకూ పెద్ద కొయ్యకూ మధ్య ఇంకో తెరచాప ఎత్తుతారు. అప్పుడు పడవ గట్టు మీద ఉన్న పిల్లలా కేక వేస్తుంది అన్నాడు. కేక వేసేది పడవ కాదు, తాళ్లు. అయినా ఆయన పడవే అన్నాడు. ఒరిగినప్పుడు కొసలు నీళ్లలోకి దిగడం తాను కిందికి వంగి కళ్లారా చూశానన్నాడు. “చాచా ఖరే చెప్పిండే. పొడుగైతది. కాళ్ల కింద పెరుగుతున్నట్లే తెలుస్తది.”

నేను వింటూ బీడీలు చుట్టేదాన్ని. సంతోషించాను, అబద్ధం చెప్పను. కానీ ఆయన కళ్లు నన్ను దాటి ఎక్కడో ఉండటం కూడా చూశాను.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక ముసలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి నీలం కాగితం లేదు. లాల్చీ జేబులోంచి అరచేయంత బట్ట తీసి మామ చేతిలో పెట్టాడు. తెల్లగా, పలచగా, జారిపోయేట్టు ఉంది. పత్తి కాదు. పరదేశంలో ఏదో నూనెలోంచి, బొగ్గులోంచి తీసిన పోగుతో చేసినదట. తడవదు, బూజు పట్టదు, సాగదు. సేటు తెరచాపలన్నీ దాంతోనే తెప్పించాడు. ఇక పందేలలో నూలు తెరచాప కనపడదు.

“ఉత్తరం రాయొచ్చు. కానీ నోటితో చెప్పాలనిపించింది” అన్నాడు ముసలాయన. “నా చేతికీ పని తగ్గింది, భావూ. ఇది వేరేలా కుట్టాలి.”

మామ ఆ ముక్కను చించబోయాడు. చిరగలేదు. పళ్లతో పట్టాడు. చిరగలేదు. వెలుగుకు పట్టి చూసి, మడతపెట్టి తిరిగి ఇచ్చాడు. “మంచిగుంది” అన్నాడు. అంతే. వెళ్లి మగ్గంలో కూర్చున్నాడు, కానీ నాడె విసరలేదు.

తుఫాను గాలికి వాడే చిన్న తెరచాపలు రెండు మాత్రం మా బట్టవే ఉంచారు. అవి మందంగా ఉండాలి కాబట్టి. ఇంకో మాట కూడా చెప్పాడు ముసలాయన. సేటు నా భర్తను ఈ ఏడు కూడా రమ్మంటున్నాడు. పోయినేడు చూశారు కదా, అలాంటి చేయి వదులుకోరు.

“నేను రాను చాచా” అన్నాడు నా భర్త. “నా బట్ట లేని పడవల నాకేం పని?”

ఆ మాటకు నా గుండె తేలికపడింది. ముసలాయనకు రొట్టె, శనగపిండి పిట్ల పెట్టాను. వెళ్లేటప్పుడు దండం పెట్టాను.

కానీ నా భర్త ఇంట్లో ఉన్నాడన్న మాటే గానీ లేడు. దోసూతి మళ్లీ మగ్గమెక్కింది. పడుగు తెగితే తెగినట్టే వదిలేసి కూర్చునేవాడు. మామ లేచి వచ్చి ముడి వేసిపోయేవాడు. అన్నం ముందు కూర్చుంటే కంచం అలాగే ఉండేది. మాట్లాడిస్తే “ఊ” అనేవాడు. నెల, రెండు నెలలు. పిల్లలు లేని ఇల్లు, ఆ మౌనానికి ఇంకా పెద్దదైంది. దసరా దగ్గరపడింది.

ఒక మధ్యాహ్నం బీడీలు అప్పజెప్పడానికి వెళ్తే కార్ఖానాలో సగం కట్టలు బాగాలేవని పక్కన పడేశారు. ఎండలో ఇంటికి వచ్చాను. ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని గోడ వైపు చూస్తున్నాడు. పొద్దున నేను చూసినప్పుడు ఎంత ఉందో అంతే ఉంది.

“ఏమయ్యా, పొద్దటి సంది జానెడు కూడ నేయలే?”

గోడ మీది నుంచి చూపు తిప్పలేదు.

“నిన్నే అడుగుతున్న. ఏమైంది నీకు?”

“ఏం లేదు.”

ఆ “ఏం లేదు” నాకు ఎక్కడ తగిలిందో తెలియదు. తల మీది చాటను కింద పడేశాను. “పో! గా దర్యాలనే పోయి ఉండు. పీనుగ లెక్క ఈడ కూసున్నవు. నాకు ఇంట్ల పీనుగెందుకు? పో, ఇప్పుడే, లగేచ్ పో!”

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. కోపం లేదు. నిజంగానే అంటున్నావా అన్నట్టు చూశాడు. నేను మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని ఉంది, కానీ అప్పుడు ఏడుపు వస్తుందనిపించి వెనక గదిలోకి వెళ్లాను. కాసేపటికి ఆయన వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

“పోయి రావాల్నా?” అన్నాడు. ఆ గొంతులో ఆశ ఉంది. అది విన్నాక వద్దనే శక్తి నాకు లేకపోయింది.

“పోయి రా” అన్నాను. “ఇదొక్కసారి.”

“ఇదొక్కసారే” అన్నాడు.

మూడో రోజు బయలుదేరాడు. స్టేషనుకు నేను వెళ్లలేదు. గల్లీ మలుపు దాకా వెళ్లాను. మలుపులో వెనక్కి తిరిగి చేయి ఊపాడు.

దీపావళి వెళ్లింది. పందెం మొదలయ్యే రోజు మాకు తెలుసు. ఆ రోజు మామ పొద్దున్నే స్నానం చేసి దేవుడికి దీపం పెట్టాడు. వారం వెళ్లింది. పది రోజులు. గల్లీలో కూడా చలిగాలి, మబ్బు. పన్నెండో రోజు ముసలాయన వచ్చాడు. గడప మీద కూర్చోలేదు, బయటే నిలబడ్డాడు. తల మీద టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడే నాకు తెలిసింది. చేతిలో తునికాకు ఉంది. దాన్ని చుట్టడం ఆపలేదు నేను. చుట్టి, దారం కట్టి, పక్కన పెట్టి, అప్పుడు తలెత్తాను.

ఆయన చెప్పింది ఇది. మలబారు తీరం దాటాక తుఫాను ఎదురైంది. అంతకుముందు దాకా వాళ్లే అందరికన్నా ముందున్నారు. కొత్త బట్ట బాగా పనిచేస్తోందని సేటు ముందరి పెద్ద తెరచాప ఇంకా దించొద్దన్నాడు. పొద్దు వాలే వేళకు గాలి ఒక్కసారిగా పెరిగింది. అప్పుడు దించమన్నాడు. కొయ్య చివర తాడు ఇరుక్కుపోయింది, దిగలేదు. పడవ పక్కకు పడి లేవడం లేదు. నా భర్త కత్తి తీసుకుని ముందు కొసకు వెళ్లాడు. నడుముకు కట్టుకున్న తాడు అంత దూరం అందలేదు. విప్పేశాడు. కొసకు పోయి కట్టు కోశాడు. తెరచాప నీళ్లలో పడింది. పడవ లేచింది. ఆ తెరచాపను నీళ్లలోంచి లాక్కుంటూ ఉండగా ఒక అల ముందు కొస మీదుగా వచ్చింది. అల వెళ్లిపోయాక అక్కడ తెరచాప ఉంది, ఆయన లేడు.

పడవ తిప్పారు. బెండు చక్రాలు విసిరారు. చీకటి పడేదాకా ఆ చుట్టుపక్కలే తిరిగారు. ఒకసారి చేయి కనిపించిందని ఒకడన్నాడు. ఇంకెవరూ చూడలేదు. తర్వాత గాలి ఇంకా పెరిగి వాళ్ల ప్రాణాలే దక్కని పరిస్థితి వచ్చింది. తుఫాను తెరచాపలు రెండూ ఎత్తి, రెండు రోజులకు కొచ్చి చేరారు. పందెం వదిలేశారు.

మామ నిలబడే విన్నాడు.

“గా తుఫాను తెరచాపలు,” అన్నాడు, “మా బట్టయే గదా. చినగలే గదా?”

ముసలాయన ఆయన ముఖంలోకి చూశాడు. “చినగలేదు, భావూ. రెండు రోజులు అవే వాళ్లను మోశాయి. ఒక్క పోగు కదల్లేదు.”

మామ తల ఊపాడు. “బరోబర్” అన్నాడు.

నేను లేచాను. మామ ముందు ఎప్పుడూ గొంతెత్తనిదాన్ని, గల్లీ అంతా వినేట్టు అరిచాను. “కొడుకు పోయిండు మామా! నీ కొడుకు పోయిండు! బట్ట అడుగుతవా? బట్టనా?” అని చేతికందిన చాట ఆయన మీదికి విసిరాను. ఆకులన్నీ గది నిండా పడ్డాయి. పక్కింటి ఆడవాళ్లు వచ్చి నన్ను పట్టుకున్నారు. మామ వంగి, ఒక్కో ఆకూ ఏరి చాటలో వేయసాగాడు. ముసలాయన కూడా కూర్చుని ఏరాడు. ఆ ఇద్దరూ అలా నేల మీద పాకుతుంటే నేను చూస్తూ ఏడ్చాను.

ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో వరుసగా చెప్పలేను. గల్లీలో పెద్దలు కర్మ చేయాలన్నారు. నా గాజులు తీయాలన్నారు. మామ ఒప్పుకోలేదు. “ఎవలన్న చూసిండ్రా? చాపలు పట్టేటోల్ల పడవలుంటయి. ఎవలన్న తీసి ఉండొచ్చు. జర ఆగుండ్రి” అన్నాడు. నేనూ ఆగాను. పొద్దున లేచి బొట్టు పెట్టుకునేటప్పుడు రెండు రకాలుగా భయపడేదాన్ని. పెట్టుకుంటే అబద్ధమేమో, పెట్టుకోకపోతే నేనే ఆయన్ను చంపినదాన్నవుతానేమో. గల్లీ మలుపులో ఎవరి అడుగు వినిపించినా నా చేయి ఆగేది. అలా ఉగాది దాటింది. ఒకరోజు నీళ్లకు నిలబడ్డాను. నా వెనక ఒకామె ఇంకొకామెతో, “పాపం, ఇంకా గాజులు ఏసుకునే తిరుగుతున్నది” అంది. నన్ను తప్పుపట్టి కాదు. నిజంగా పాపమనే అంది. ఇంటికి వచ్చి, ఎవరూ పగలగొట్టక ముందే, నేనే ఒక్కొక్కటి తీసి గూట్లో పెట్టాను. మామ చూశాడు. ఆ పూట ఆయన తినలేదు. నేనూ తినలేదు.

ఎండలు ముదిరాక మామ బొంబాయి వెళ్లాలన్నాడు. “గా పడవ చూస్త” అన్నాడు. నేనూ వస్తానన్నాను. చూసి దాని మీద ఉమ్మేయాలని ఉంది నాకు. శపించాలని ఉంది.

ముసలాయన మమ్మల్ని రేవుకు తీసుకెళ్లాడు. వానలకు ముందు పడవను ఒడ్డుకు లాగి, కట్టెల మీద నిలబెట్టారు. నీలం కాగితం మీద చూసిందే, కానీ మూడంతస్తుల ఇల్లంత ఎత్తు. అడుగున సీసపు రెక్క, దాని మీంచి పైకి పోతూ సన్నబడే టేకు పలకలు, కొసల దగ్గర గాల్లోకి లేచిపోయే ఆ వంపు. ఇద్దరు మనుషులు దాని కడుపు గీకుతున్నారు. నా నోట్లో ఉమ్ము లేదు. అంత అందమైన వస్తువును నేను అంతకుముందు చూడలేదు. చూసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన ఎందుకు వెళ్లాడో నాకు ఆ క్షణంలో తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేది.

సేటు వచ్చాడు. పెద్ద మనిషి అనుకున్నాను, నా భర్త వయసు వాడే. మామ ముందు చేతులు కట్టుకుని నిలబడి, “ఆలస్యంగా దించమన్నది నేనే” అన్నాడు హిందీలో. “ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. కానీ నేనే.” పడవ అమ్మేస్తున్నానని, ఇక ఎక్కలేనని అన్నాడు. మామ ఆయన భుజం మీద చేయి వేశాడు, మళ్లీ అది తగదేమో అని తీసేశాడు.

సేటు వెళ్లాక సముద్రం ఒడ్డున రాతి గోడ మీద కూర్చున్నాం నేనూ మామా. నేను సముద్రం చూడటం అదే మొదలు. నీళ్లు రాళ్లను కొడుతున్నాయి. ఆ మాట ఇక దాచలేకపోయాను.

“మామా, ఆయన పోనన్నడు. నేనే పొమ్మన్న. నువ్వు అప్పుడు బజారుకు పోయినవు. పీనుగ లెక్క కూసున్నవు, పో అన్న. నా నోటితోనే అన్న.”

మామ నీళ్ల వైపు తిరిగాడు.

“నాకు ఎరుకనే బిడ్డా” అన్నాడు. “బజారు నుంచి అప్పుడే వచ్చిన. తలుపు బయట నిలబడ్డ. అంతా విన్న.”

“మరి ఎందుకు ఆపలే?”

“ఆపొచ్చు. లోపలికొచ్చి, వద్దురా అంటె ఆగేటోడే. నా మాట ఎన్నడు దాటలే. గని వాడు మొదటిసారి దర్యా నుంచి వచ్చినప్పుడు ఎట్ల నవ్విండో యాదికొచ్చింది. మీ అత్త పోయినంక గట్ల నవ్వలే. పోనీ తియ్, ఇంకొక్కసారి నవ్వనీ అనుకున్న. తలుపు బయటనే నిలబడ్డ.”

మళ్లీ తనే, “గా దినం బట్ట సంగతి అడిగిన గదా. నీకు కోపమొచ్చింది. నా బట్ట చినిగి వాడు పోయిండో ఏమో అని నా పానం కొట్టుకున్నది. గదే అడిగిన. ఇంకేం అడగాల్నో తెల్వలే” అన్నాడు.

నేను ఆయన చేయి పట్టుకున్నాను. కోడలు మామ చేయి అలా పట్టుకోదు మాలో. దారిన పోయేవాళ్లు చూశారు. పట్టుకునే ఉన్నాను.

మేం తిరిగి వచ్చి బతికాం. అంతకన్నా చెప్పడానికి పెద్దగా లేదు. నా పుట్టింటివాళ్లు తీసుకెళ్తామన్నారు. నేను వెళ్లలేదు. మామ ఒక మగ్గం అమ్మేసి, ఇంకొకదాని మీద పలచటి పంచెలు నేశాడు. దోసూతి మళ్లీ ముట్టలేదు. ఆయన నేసినన్నాళ్లు కండెలు నేనే చుట్టాను. గల్లీలో ఒక్కొక్కటే కరెంటు మగ్గాలు వచ్చాయి. ఆ రొదలో మా ఒక్క మగ్గం చప్పుడు మాకే వినపడేది కాదు.

మూడేళ్ల తర్వాత ముసలాయన దగ్గర నుంచి మరాఠీలో కార్డు వచ్చింది. పడవను ఒక పరదేశి కొని తూర్పు సముద్రాలకు తీసుకుపోయాడట. అక్కడొక పెద్ద పందెంలో మొదట చేరడమే కాదు, లెక్కలన్నీ కట్టాక కూడా అదే గెలిచిందట. ‘మీకు చెప్పాలో వద్దో తెలియలేదు, చెప్పకుండా ఉండలేకపోయాను’ అని రాశాడు.

మామ అప్పటికి మంచం పట్టాడు. పక్కన కూర్చుని చదివి వినిపించాను. గెలిచింది అన్న దగ్గర ఆగాను. నాకు సంతోషం వేసింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నా మొగుణ్ని మింగిన వస్తువు గెలిస్తే నాకు సంతోషం వేసింది, ఆ వెంటనే, ఆ మాట చెప్పడానికి ఆయన లేడు కదా అని ఏడుపు తన్నుకొచ్చింది.

“ఇంకోసారి చదువు” అన్నాడు మామ కళ్లు మూసుకుని.

చదివాను. ఆయన మళ్లీ చదవమన్నాడు. మూడోసారి చదివేటప్పుడు ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను చదవడం ఆపలేదు. అక్షరాలు కనపడకపోయినా, అప్పటికి నోటికి వచ్చేసింది, చివరిదాకా చదివాను.